సారా వేలంపాటల నుంచి సంపూర్ణ మద్యనిషేధం దాకా: విధాన ప్రక్రియను ఏ సిద్ధాంతంతో చదవాలి?

ప్రశ్న: రాజనీతి_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. 1992లో నెల్లూరు జిల్లాలో ఊపందుకున్న సారా వ్యతిరేకోద్యమం, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా అమలైన సారా నిషేధం, 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఈ నాలుగింటినీ కలిపి ఒకే విధాన ప్రక్రియగా పరిశీలించాలన్నది నా ఉద్దేశం. ఉద్యమం గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విస్తారంగా రాశారు. ప్రభుత్వం లోపల ఆ నిర్ణయాలు ఎలా తయారయ్యాయన్న దాని మీద మాత్రం నాకు దొరికింది తక్కువ.

జాన్ కింగ్డన్ 1984లో ప్రతిపాదించిన బహుళ ప్రవాహాల నమూనాను వాడమని మా పర్యవేక్షకులు సూచించారు. సమస్యల ప్రవాహం, పరిష్కారాల ప్రవాహం, రాజకీయ ప్రవాహం వేటి దారిన అవి సాగుతూ, ఏదో ఒక సందర్భంలో కలిసినప్పుడు నిర్ణయానికి అవకాశం తెరుచుకుంటుందని ఆ నమూనా చెబుతుంది. నా మొదటి అధ్యాయాన్ని ఆ ప్రకారమే రాశాను. రాసిన తరువాత ఒక సందేహం పట్టుకుంది. ప్రతి సంఘటనా ఏదో ఒక ప్రవాహంలో ఇట్టే ఇమిడిపోతోంది. ఏ సంఘటననైనా ఇముడ్చుకోగల నమూనా దేనినైనా వివరించినట్టు అవుతుందా?

రెండో సందేహం, అమెరికా కాంగ్రెసునూ అక్కడి అధ్యక్ష వ్యవస్థనూ చూసి తయారుచేసిన సిద్ధాంతం, ముఖ్యమంత్రి మాటే మంత్రివర్గం మాటగా నడిచే మన రాష్ట్రాలకు ఎంతవరకు వర్తిస్తుంది? మూడోది, ఈ నమూనాలన్నింటిలో నిపుణులు, అధికారులు, శాసనకర్తలు, సంఘాల ప్రతినిధులు కనిపిస్తారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణాన్ని మూయించిన నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ మహిళలకు అందులో ఏ స్థానం ఇవ్వాలి? విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: పాలనాశాస్త్ర_అధ్యాపకుడు

మీ మొదటి సందేహం సరైనదే. అయితే అందులో నమూనా లోపం కన్నా దానిని వాడుతున్న తీరులో లోపమే ఎక్కువ. మూడు గళ్ల పట్టిక గీసి, జరిగినవాటిని వాటిలో సర్దితే కింగ్డన్‌ను వాడినట్టు కాదు. ఆయన వాదంలోని అసలు పట్టు ఆ మూడు ప్రవాహాలూ చాలావరకు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడుస్తాయన్న దగ్గర ఉంది. కోహెన్, మార్చ్, ఓల్సెన్ 1972లో విశ్వవిద్యాలయాల నిర్ణయాలను చూసి రాసిన ‘చెత్తబుట్ట నమూనా’ నుంచి ఆయన తీసుకున్న ముఖ్యాంశం అదే. కాబట్టి మీ సమాచారంలో ఆ స్వతంత్రత నిజంగా ఉందా లేదా అన్నది పరీక్షించండి. లేదని తేలితే, మీ ఉదంతం వరకు ఆ నమూనా ఓడినట్టే. అలా ఓడగల అవకాశం ఉంది కనుకనే దానిని సిద్ధాంతం అనగలుగుతున్నాం.

ఒక ఉదాహరణ చూడండి. 1992 అక్టోబరులో నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. ఆయనది నెల్లూరు జిల్లానే, ఉద్యమం ఉధృతంగా ఉన్నదీ అప్పుడే. తొందరపడితే ఈ రెండింటినీ ముడిపెట్టేయవచ్చు. కానీ ఆయన రాజీనామాకు దారితీసింది ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతులపై హైకోర్టు ఇచ్చిన తీర్పు. అంటే రాజకీయ ప్రవాహంలోని పెద్ద మలుపు సారాతో సంబంధం లేని కారణం వల్ల వచ్చింది. తరువాత వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వానికి పాత నిర్ణయాలను సమర్థించుకోవలసిన భారం తక్కువ. 1993 ఏప్రిల్‌లో మొదట నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరులో రాష్ట్రమంతటానూ సారాను నిషేధించింది ఆ ప్రభుత్వమే. కింగ్డన్ వాదానికి ఇంతకంటే అనుకూలమైన సాక్ష్యం దొరకడం కష్టం.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. 1993 నిర్ణయమూ 1995 నిర్ణయమూ ఒకటి కావు. మీ ప్రశ్నలో వాటిని ఒకే ప్రక్రియ అన్నారు. నేనైతే రెండుగా విడదీస్తాను. మొదటిది సారాకు సంబంధించినది. సమస్య ఊళ్లలోంచి వచ్చింది, దానికి ఒక ముఖం ఉంది, ఒక చిరునామా ఉంది. కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం, ఇంట్లో కొట్లాట, గుమ్మం ముందుకు వచ్చే సారా ప్యాకెట్టు, ఇవన్నీ కలిసి ఒకే డిమాండుగా మారాయి. రెండోది బ్రాందీ, విస్కీలతో సహా మొత్తం మద్యానికి సంబంధించినది, దానిని నడిపించింది పార్టీల పోటీ. 1994 డిసెంబరు 12న లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారం చేస్తూ ఎన్టీ రామారావు మద్యనిషేధం దస్త్రంపై సంతకం చేయడం మీకు తెలిసిందే. సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చిన ప్రభుత్వ పథకం ‘వారుణి వాహిని’ ఆయన మొదటి హయాంలోనిదేనన్న సంగతి మరిచిపోకూడదు. ఎన్నికల వేడిలో పరిష్కారం తన సమస్య కంటే పెద్దదైపోయింది. సమస్య సారా, పరిష్కారం సంపూర్ణ నిషేధం. సమస్యకు పరిష్కారం వెతకడమే కాదు, సిద్ధంగా ఉన్న పరిష్కారం తనకు తగిన సమస్యను వెతుక్కోవడమూ జరుగుతుందన్న కింగ్డన్ మాటకు 1995 నిర్ణయం 1993 దానికంటే బాగా సరిపోతుంది.

అమెరికా గురించిన మీ సందేహానికి క్లుప్తంగా చెబుతాను. కింగ్డన్ తన వాదాన్ని 1976 నుంచి 1979 వరకు వాషింగ్టన్‌లో ఆరోగ్య, రవాణా రంగాలవారితో జరిపిన 247 ఇంటర్వ్యూల మీద కట్టారు. పార్లమెంటరీ వ్యవస్థలకు దానిని పొడిగించే పనిని నికోలాస్ జహరియాడిస్ చేపట్టి, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల ప్రైవేటీకరణను పరిశీలించారు. పార్టీల పట్టు బలంగా ఉన్న చోట రాజకీయ ప్రవాహంలో అధికార పార్టీ సిద్ధాంతానికీ అవసరాలకూ ఎక్కువ బరువు ఇవ్వాలన్నది ఆయన చేసిన సవరణ. మన రాష్ట్రానికి ఇంకొక సవరణ కావాలనుకుంటాను. ఇక్కడ పరిష్కారాల ప్రవాహం పలచన. ప్రత్యామ్నాయాలను ఏళ్ల తరబడి చర్చించి, వడకట్టి పెట్టే నిపుణుల సమూహం మద్యం విషయంలో లేదు. కింగ్డన్ లెక్కలో ఏ ప్రతిపాదనైనా నిలబడాలంటే సాంకేతికంగా సాధ్యం కావాలి, విలువలకు సరిపడాలి, ముందు రాబోయే బడ్జెటు ఇబ్బందులను తట్టుకోగలగాలి. 1995 నిర్ణయం రెండో పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది. మొదటి, మూడో పరీక్షలు అసలు రాయనేలేదు.

జవాబు 2: విశ్రాంత_ఎక్సైజు_ఉద్యోగి

అమ్మా, సిద్ధాంతాల సంగతి అధ్యాపకులవారు చెప్పారు. నేను ఆ రోజుల్లో ఎక్సైజు శాఖలో కింది స్థాయి ఉద్యోగిని. పై సమాధానంలో ‘గుమ్మం ముందుకు వచ్చే సారా ప్యాకెట్టు’ అన్న మాట ఉంది. అది గుమ్మం దాకా ఎందుకు వచ్చిందో తెలియకపోతే మీ అధ్యయనం పైపైనే ఉండిపోతుందని నా అభిప్రాయం.

సారా అమ్మే హక్కును ఏటా వేలం పాట పెట్టేవారు. ఎక్సైజు సంవత్సరం అక్టోబరు 1న మొదలై మరుసటి ఏడు సెప్టెంబరు 30తో ముగిసేది. రాష్ట్రవ్యాప్త నిషేధం అక్టోబరు 1 నుంచి రావడానికి మరునాటి గాంధీ జయంతి కారణమని చాలామంది అనుకుంటారు. కానీ పాత గుత్తలు ముగిసేదీ కొత్త పాట జరగకుండా ఆపగలిగేదీ ఆ తేదీనే. నడుస్తున్న గుత్తను మధ్యలో రద్దు చేస్తే కాంట్రాక్టరు కోర్టుకు వెళతాడు, డబ్బు వాపసు అడుగుతాడు. గడువు తీరిన గుత్తను పునరుద్ధరించకపోతే అతను అడగడానికి ఏమీ ఉండదు.

పాట పాడినవాడు అద్దె కట్టడంతో సరిపోదు. కనీస హామీ పరిమాణం అని ఒకటి ఉండేది. నెలకు ఇన్ని లీటర్లు ప్రభుత్వ డిపో నుంచి ఎత్తి తీరాలి, ఎత్తకపోయినా దాని డబ్బు కట్టాలి. పోటీలో పాట పెరిగేకొద్దీ అమ్మకం పెంచక గత్యంతరం ఉండదు. సీసాల కాలంలో తాగేవాడు దుకాణానికి వెళ్లాలి. ప్యాకెట్లు వచ్చాక సైకిలు హ్యాండిలుకు సంచీ తగిలించుకుని ఒక కుర్రవాడు వరికోతల దగ్గరికీ, చెరువు పనుల దగ్గరికీ వెళ్లి అమ్మగలిగాడు. అరువు ఇచ్చి, కూలి డబ్బు చేతికి వచ్చే పూట వసూలు చేసుకునేవారు. లైసెన్సు ఒక్క దుకాణానికే, అమ్మకం మాత్రం ఊరంతా. మా శాఖ లక్ష్యం ఆదాయం కనుక, ఈ విస్తరణను నేరంగా చూడమని మాకు ఎవరూ చెప్పలేదు. విధానం అంటే చట్టమో జీవోనో మాత్రమే అనుకుంటే ఈ సంగతి మీకు ఏ దస్త్రంలోనూ దొరకదు.

మైకేల్ లిప్‌స్కీ 1980లో వీధి స్థాయి అధికార వ్యవస్థ గురించి చెప్పిన మాటను పదోన్నతి పరీక్షలకు చదువుకున్నాను. పౌరుడికి ఎదురుపడే చిట్టచివరి ఉద్యోగి తీసుకునే నిర్ణయాలే ఆచరణలో విధానమవుతాయని దాని సారాంశం. సంపూర్ణ నిషేధ కాలంలో అది అక్షరాలా నిజమైంది. ఒక స్టేషను పరిధిలో పదుల కొద్దీ గ్రామాలుంటాయి, జవాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. నాటుసారా బట్టీని ధ్వంసం చేయడానికి కొండవాగు దాకా నడవాలా, పొరుగు రాష్ట్రం నుంచి సీసాలు వచ్చే దారిలో కాపు కాయాలా, కేసుల సంఖ్య చూపించడానికి తాగినవాడిని పట్టుకుని పంచనామా రాయాలా? ఏది సులువో అదే జరుగుతుంది. కాకినాడ పక్కనే యానాం ఉంది, అది పుదుచ్చేరి పాలనలోనిది, అక్కడ నిషేధం లేదు. కర్ణాటక సరిహద్దు పొడవెంతో మీకు తెలుసు. 1995 చట్టం రాసినవారు ఈ సరిహద్దుల సంగతిని లెక్కలోకి తీసుకున్నారా అన్నది శాసనసభ చర్చల్లో వెతకండి. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ నగరంలో ఒక మంచి పథకం అమలులో ఎలా నీరుగారిందో ప్రెస్‌మన్, విల్డావ్‌స్కీ 1973లో రాశారు. వారి పద్ధతి నిషేధానికి బాగా పనికొస్తుంది: నిర్ణయం అమలు కావడానికి ఎందరు, ఎన్ని చోట్ల ‘సరే’ అనాలో వరసగా రాసుకుంటూ వెళ్లండి.

జవాబు 3: చరిత్ర_పాఠకురాలు

అధ్యాపకుల వాదంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. ‘అవకాశం తెరుచుకుంది, నిర్ణయం జరిగింది’ అన్న చూపు 1992 నుంచి కథను మొదలుపెడుతుంది. మద్యం విధానం అంత చిన్న వయసుది కాదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినప్పుడు మద్రాసు నుంచి మద్యనిషేధాన్ని వెంట తెచ్చుకుంది. దానిని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ఆ వివాదం మీద 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అటు హైదరాబాదు రాజ్యంలో ఆబ్కారీ రాబడి నిజాం కాలం నుంచీ ఖజానాకు ఒక ప్రధానాధారం. 1956లో ఈ రెండు భిన్న సంప్రదాయాలు ఒక రాష్ట్రంలో కలిశాయి. 1968 ఎక్సైజు చట్టం ఆ రాష్ట్రానికంతటికీ ఒకే చట్టాన్ని ఇచ్చింది. ఆ తరువాతి పాతికేళ్లలో రాబడి దృక్పథానిదే పైచేయి.

పాల్ సబాటియర్ 1988లో ప్రతిపాదించిన సమర్థక కూటముల చట్రం ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. విధాన మార్పును అర్థం చేసుకోవాలంటే కనీసం పదేళ్ల కాలాన్ని పరిశీలించాలని ఆయన పట్టుబట్టారు. ఉమ్మడి నమ్మకాలతో కలిసిన శాసనకర్తలు, అధికారులు, పాత్రికేయులు, సంఘాలవారు కూటములుగా నిలబడతారనీ, వారి మూల విశ్వాసాలు తేలికగా మారవనీ, బయటి కుదుపు వచ్చినప్పుడే సమతూకం మారుతుందనీ ఆయన వాదం. మన ఉదంతంలో ఒక వైపు రాబడి కూటమి ఉంది: ఆర్థిక, ఎక్సైజు శాఖలు, పాటలు పాడే కాంట్రాక్టర్లు, వారి డబ్బుతో ఎన్నికలు నడిపే నాయకులు. రెండో వైపు గాంధేయవాదులు, మహిళా సంఘాలు, వామపక్షాలు, అక్షరాస్యతా కార్యకర్తలు, పత్రికలు. పార్టీలు గోడ మీద ఉన్నాయి. కాంగ్రెసూ తెలుగుదేశమూ రెండూ రెండు కూటముల్లోనూ కాలు పెట్టాయి కనుకనే 1993, 1995, 1997 నిర్ణయాల్లో అంత ఊగిసలాట కనిపిస్తుంది. 1995 ఆగస్టులో ప్రభుత్వ నాయకత్వం ఎన్టీ రామారావు నుంచి చంద్రబాబునాయుడికి చేతులు మారింది, రెండేళ్లు తిరక్కుండానే నిషేధం పోయింది. రాబడి కూటమి ఎక్కడికీ పోలేదు, కొన్నాళ్లు నోరు మూసుకుని కూర్చుంది, అంతే.

మహిళల స్థానం గురించి అడిగారు. దానికి నేను బాక్రాక్, బారట్జ్ 1962లో రాసిన వ్యాసంతో మొదలుపెడతాను. అధికారానికి రెండో ముఖం ఉందనీ, కొన్ని సమస్యలు చర్చకే రాకుండా చూడడం ఆ ముఖం చేసే పని అనీ వారు అన్నారు. 1990 వరకు సారా సమస్య ప్రభుత్వ ఎజెండాలో ఎందుకు లేదు? తాగుడు మగవాడి అలవాటు, దాని బాధ ఆ ఇంటి గొడవ, దాని డబ్బు ప్రభుత్వ ఆదాయం. ఈ మూడింటినీ మూడు వేర్వేరు చోట్ల ఉంచినంతకాలం ప్రభుత్వం ముందు సమస్యే లేదు. నెల్లూరు అక్షరాస్యతా కార్యక్రమం చేసింది వాటిని ఒకచోట చేర్చడమే. ప్రభుత్వం ముద్రించిన వాచకంలో సీతమ్మ కథ ఉంది, అందులోని ఆడవాళ్లు ఊరి సారా దుకాణాన్ని మూయిస్తారు. దూబగుంటలో రోశమ్మ తదితరులు దానిని నిజంగానే చేశారు. ఆ ఊరి ఉదంతం తరువాతి వాచకంలో పాఠమై, మిగతా ఊళ్ల రాత్రి బడులకు చేరింది. ప్రభుత్వంలోని ఒక శాఖ పాఠం చెబుతుంటే మరొక శాఖ పాట పెడుతోంది. నెల్లూరులో ఆ పాటలు మహిళల ప్రతిఘటన వల్ల పదేపదే వాయిదా పడ్డాయి. వాళ్లను ‘సమస్యల ప్రవాహం’లో ఒక సంఘటనగా కుదించడం నాకు సమ్మతం కాదు. సమస్య అంటే ఏమిటో నిర్వచించినవారు వాళ్లే.

తిరుగు ప్రశ్న: రాజనీతి_విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు నిర్ణయాలుగా విడదీయమన్న సూచనను, పాటల కాలక్రమం గురించి చెప్పిన వివరాన్ని తప్పకుండా వాడుకుంటాను. చివరి సమాధానం చదివాక బామ్‌గార్ట్‌నర్, జోన్స్ 1993లో రాసిన పంక్చువేటెడ్ ఈక్విలిబ్రియం సిద్ధాంతం కూడా గుర్తుకొచ్చింది. దీర్ఘకాల స్థిరత్వం, మధ్యలో హఠాత్తు మార్పు, దానికి కారణంగా విధానపు ప్రతిబింబం (దానిని జనం చూసే తీరు) మారడం, చర్చావేదిక మారడం, ఇవన్నీ మన ఉదంతంలో ఉన్నాయి. కానీ వారు చెప్పే హఠాత్తు మార్పు తరువాత కొత్త స్థిరత్వం రావాలి కదా. 1997లో పాత స్థితికి తిరిగి వెళ్లడాన్ని ఏ సిద్ధాంతంతో చెప్పాలి?

జవాబు 4: పాలనాశాస్త్ర_అధ్యాపకుడు

చరిత్ర_పాఠకురాలిగారి అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. పాతికేళ్ల మౌనాన్ని కింగ్డన్ వివరించలేరు, ఆ ప్రయత్నమూ ఆయన చేయలేదు. అయితే కూటముల చట్రం ‘ఎందుకు మారింది’ అన్నదానిని చెప్పినంత బాగా ‘ఆ నెలలోనే ఎందుకు మారింది’ అన్నదానిని చెప్పలేదు. మీ అధ్యాయాలను ప్రశ్నలవారీగా విడగొట్టండి, ప్రతి ప్రశ్నకూ దానికి తగిన సిద్ధాంతాన్ని తీసుకోండి. అన్నింటినీ కలిపి ఒక ‘సమగ్ర నమూనా’ చేస్తానని మాత్రం పూనుకోవద్దు. సిద్ధాంత గ్రంథాల్లో అటువంటి బాణాల బొమ్మలు చాలా చూశాను, ఏ బాణం ఏ సాక్ష్యంతో నిలబడిందో వాటిలో ఎక్కడా ఉండదు.

1997 గురించి. అక్కడ పాత స్థితికి వెళ్లలేదన్నది గమనించండి. సారా తిరిగి రాలేదు. పాటలు, కనీస హామీ పరిమాణం, ప్యాకెట్లు 1993లో పోయినవి పోయినట్టే ఉన్నాయి. ఎత్తివేసింది 1995 నాటి పై అంతస్తును. అంటే ఊళ్ల నుంచి సమస్యగా వచ్చిన నిర్ణయం నిలిచింది, ఎన్నికల హామీగా వచ్చిన నిర్ణయం నిలవలేదు. బామ్‌గార్ట్‌నర్, జోన్స్ చెప్పే కొత్త స్థిరత్వాన్ని మీరు సారా విషయంలో వెతికితే దొరుకుతుంది, మొత్తం మద్యం విషయంలో వెతికితే దొరకదు.

ఎత్తివేతకు ముందు జరిగిన పని కూడా చూడదగ్గది. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రాలు ప్రకటించి చర్చకు పెట్టింది. కిలో 2 రూపాయల బియ్యం ధరను 3 రూపాయల 50 పైసలకు పెంచిందీ ఆ ఏడాదే. నిషేధం విఫలమైందని నేరుగా అనడం కష్టమైనప్పుడు, దాని చుట్టూ ఉన్న సమస్యను ఖజానా సమస్యగా తిరిగి నిర్వచించారు. మహిళలు 1992లో చేసిన సమస్యా నిర్వచనాన్ని ఆర్థిక శాఖ 1996లో తన భాషలో తిరగరాసింది. చరిత్ర_పాఠకురాలిగారి వాదాన్ని ఇక్కడిదాకా లాగవచ్చు.

ఒక పోలికను కూడా చేర్చండి. హర్యానాలో బన్సీలాల్ ప్రభుత్వం 1996లో నిషేధం తెచ్చి 1998లో ఎత్తివేసింది. అక్కడా ఎన్నికల హామీయే, అక్కడా సరిహద్దుల బాధే. మీ 1995–97 వాదం హర్యానాలోనూ నిలబడితే అది ఒక రాష్ట్రపు కథ కాదన్నమాట. గుజరాత్‌లో 1960 నుంచీ నిషేధం కొనసాగుతోంది కనుక, ‘నిషేధం ఎక్కడా నిలవదు’ అన్న తేలిక వాక్యం రాయకుండా అది మిమ్మల్ని కాపాడుతుంది.

ఆధారాల కోసం ముందుగా 1993, 1995, 1997 సంవత్సరాల శాసనసభ చర్చల సంపుటాలు, ఆ మూడేళ్ల బడ్జెటు ప్రసంగాలు, ఎక్సైజు శాఖ జీవోలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. బడ్జెటు ప్రసంగంలో ఎక్సైజు రాబడి ఏ పేరాలో వచ్చింది, నిషేధం ఏ పేరాలో వచ్చింది, ఏ ఏడాది ఆ రెండూ ఒకే పేరాలోకి చేరాయి అన్నది గుర్తించగలిగితే మీ మూడో అధ్యాయానికి కావలసిన సాక్ష్యం చాలావరకు అక్కడే దొరుకుతుంది.